బడి గేటు దగ్గర పిల్లవాడికి చెప్పకుండా జారుకోవడం సరైనదేనా?

ప్రశ్న: కాకినాడ_అమ్మ

నమస్కారం. మా అబ్బాయికి మూడేళ్ళ రెండు నెలలు. జూన్‌లో మా వీధి చివర ఉన్న ప్లేస్కూల్లో చేర్చాము. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు, అంటే రోజుకు మూడు గంటలే అక్కడ ఉంటాడు. మొదటి రోజు గేటు దగ్గర నా చీర కొంగు పట్టుకొని వదలకపోతే అక్కడి ఆయా వాణ్ణి ఎత్తుకొని, గోడ మీద వాలిన పావురాలను చూపిస్తూ, వెనక్కి చూడకుండా వెళ్ళిపొమ్మని నాకు కళ్ళతోనే సైగ చేసింది. నేను అలాగే వచ్చేశాను. వీధి మలుపు తిరుగుతుండగా వాడి కేక వినబడింది. అప్పటి నుంచి మూడు వారాలుగా ఇదే పద్ధతి నడుస్తోంది. పావురాలకు బదులు ఒక రోజు కుక్కపిల్ల, మరొక రోజు బిస్కెట్టు, అంతే తేడా.

గేటు దగ్గర ఏడుపు ఇప్పుడు బాగా తగ్గింది. బడివాళ్ళు "సెట్ అయిపోయాడు" అంటున్నారు. నాకు మాత్రం ఆ ఏడుపు ఇంటికి మకాం మార్చిందనిపిస్తోంది. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట బోర్లా పడుకొని, కింది సందులోంచి నాలుగు వేళ్ళు లోపలికి పెట్టి, నేను వచ్చేదాకా అలాగే ఉంటున్నాడు. రాత్రిపూట రెండుమూడుసార్లు లేచి నేను పక్కన ఉన్నానో లేదో చేత్తో తడిమి చూసుకుంటున్నాడు. అన్నిటికంటే నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటి ఉంది. మొన్న ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పిట్టగోడ మీద రెండు పావురాలు వాలాయి. ఇదివరకు పావురం కనబడితే తరుముకుంటూ వెళ్ళే పిల్లవాడు పరుగెత్తుకొచ్చి నా కాళ్ళను చుట్టేసుకున్నాడు.

ఇంట్లో ఐదు నెలల చెల్లెలు కూడా ఉంది. చెల్లెలితో ముద్దుగానే ఉంటాడు గానీ, నేను పాలు పడుతున్నప్పుడు మాత్రం మంచినీళ్ళు కావాలనో, బొమ్మ అందడం లేదనో ఏదో ఒక పని పెడతాడు. పోయిన వారం బడిలో తన చేతిలోని కారు లాక్కోబోయిన పిల్లవాడి ముంజేతిని పళ్ళ గుర్తులు పడేలా కొరికాడు. "మీవాడికి ఇంట్లో కాస్త భయం చెప్పండి" అని టీచరు అన్నారు.

నాలుగు రోజులు ఏడిస్తే వాడే అలవాటు పడతాడనీ, మా వారు కూడా చిన్నప్పుడు ఇలాగే పడ్డారనీ మా అత్తగారు అంటున్నారు. ఇంత బాధ ఎందుకు, మాన్పించి వచ్చే ఏడాది చూద్దామని మా వారు అంటున్నారు. పిల్లవాడికి చెప్పకుండా జారుకోవడం వల్ల నిజంగా నష్టం ఉందా, ఉంటే ఇప్పటికే జరిగినదాన్ని సరిచేయవచ్చా, కొరకడాన్ని ఎలా చూడాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: అంగన్‌వాడీ_టీచర్

అమ్మా, నేను కోనసీమలో ఒక అంగన్‌వాడీ కేంద్రంలో పంతొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల) పథకం 1975 అక్టోబరు 2న మొదలైన నాటి నుంచీ మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు బడికి ముందు చదువు చెప్పడం అందులో భాగమే అయినా, చాలామంది దృష్టిలో మా కేంద్రం ఇప్పటికీ గుడ్డూ పాలూ ఇచ్చే చోటే. నా ఉద్దేశంలో మేము చేసే అన్నిటికంటే కష్టమైన పని, తల్లిని వదిలి వచ్చిన పిల్లను మొదటి నెల నిలబెట్టడం.

మీ ఆయా చేసిన పనే నేనూ మొదటి నాలుగైదేళ్ళు చేశాను. కాకిని చూపించాను, బెల్లం ముక్క పెట్టాను, "అమ్మ ఇప్పుడే వస్తుంది" అని అబద్ధం కూడా చెప్పాను. అలా వదిలించిన పిల్లలు త్వరగానే ఏడుపు మానేవారు. అయితే వాళ్ళు ఆటలోకి వచ్చేవారు కాదు. గుమ్మానికి ఎదురుగా కూర్చొని, ఇసుకలో గీతలు గీస్తూ, బయట సైకిలు చప్పుడైతే చాలు తల ఎత్తేవారు. ఏదైనా కొత్త వస్తువు చూపించబోతే దాని వైపు చూడకుండా నా ముఖంలోకి చూసేవారు. ఈవిడ ఏదో చూపిస్తోందంటే వెనకాల ఏదో మాయమవుతోందని వాళ్ళు నేర్చుకున్నారని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. మీవాడి పావురాల సంగతి చదవగానే ఆ ముఖాలే గుర్తొచ్చాయి.

ఇప్పుడు మా కేంద్రంలో మొదటి మూడు రోజులు తల్లినో, అమ్మమ్మనో అరగంట లోపలే కూర్చోమంటాను. ఆడించనక్కరలేదు, ఊరికే ఒక మూల కూర్చుంటే చాలు. తరువాత రెండు రోజులు వరండాలో. ఆ తరువాత పిల్లకు ఎదురుగా నిలబడి, చెప్పి వెళ్ళాలి. రోజూ అవే మాటలు చెప్పాలి, ఎక్కువ చెప్పకూడదు. పన్నెండున్నరకు వస్తానంటే ఆ వయసుకు అర్థం కాదు గనుక, "అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక అమ్మ వస్తుంది" అని చెప్పిస్తాను. చెప్పినట్టు ఆ వేళకు రావడం దీనికంటే ముఖ్యం. సంతకు వెళ్ళి ఒక్క రోజు గంట ఆలస్యంగా వచ్చిన తల్లి వల్ల రెండు వారాల కష్టం గోదాట్లో కలిసిన సందర్భాలు నాకు తెలుసు.

ఒక పిల్ల సంగతి చెబుతాను. కేంద్రానికి వచ్చినప్పటి నుంచి భుజాన ఉన్న సంచి తీయనిచ్చేది కాదు. కూర్చున్నా, తిన్నా, ఆఖరికి మధ్యాహ్నం చాప మీద పడుకున్నా సంచి వీపు మీదే ఉండేది. మా ఆయా తీయబోతే ఊరంతా వినబడేలా అరిచేది. నేను వద్దన్నాను. సంచి భుజాన ఉందంటే ఏ క్షణమైనా ఇంటికి వెళ్ళిపోవచ్చు, ఆ ధైర్యం ఆ పిల్లకు కావాలి. ఐదో రోజున కంచాలు పంచే పని ఇచ్చాను. సంచితోనే తిరిగి ఒక్కొక్కరి ముందు కంచం పెట్టింది. పదకొండో రోజు నేను పలక మీద ఏదో రాస్తూ తలెత్తి చూస్తే సంచి మేకుకు వేలాడుతోంది. ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. సంక్రాంతి సెలవుల తరువాత మళ్ళీ రెండు రోజులు భుజానికెక్కింది. మూడో రోజు మేకుకెక్కింది. మీవాడికి కూడా సెలవుల తరువాత మళ్ళీ మొదటికొస్తే కంగారు పడకండి.

మీవాడికి మీ పాత చీర ముక్క ఒకటి జేబులో పెట్టి పంపండి. బడివాళ్ళు ఒప్పుకుంటే మొదటి వారంలో చేయవలసిన పని ఇప్పుడు చేయండి. ఇంకొక మాట. తిక్క చేస్తే టీచరుకు చెబుతాననీ, బూచాడికి ఇచ్చేస్తాననీ ఇంట్లో ఎవరూ అనకుండా చూడండి. టీచరు పేరుతో బెదిరిస్తే, తెల్లవారి ఆ టీచరు చేతుల్లోకి పిల్లవాడు ఎలా వస్తాడు?

జవాబు 2: పాతపంతులు

అమ్మాయీ, నేను వరంగల్ జిల్లాలో ముప్ఫై ఆరేళ్ళు ప్రాథమిక పాఠశాలల్లో పని చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. పైన టీచరమ్మ చెప్పినదాన్ని కాదనను. మా కాలం మాట కూడా కొంచెం వినండి.

మా ఇంట్లో పదకొండు మంది పిల్లలం. అమ్మ నాట్లకు పోయేటప్పుడు ఎవరితోనూ చెప్పి పోయేది కాదు. మేము అడిగేవాళ్ళమూ కాదు. పెద్దమ్మ చంకలో ఒకడు, నాయనమ్మ ఒడిలో ఒకడు, అక్క వెనకాల ఇద్దరు ఉండేవాళ్ళం. ఏ చేయి అందితే ఆ చేయి పట్టుకొని పెరిగాం. ఇప్పటి పిల్లవాడికి ఇంట్లో ఉన్నది ఒకే కొంగు. అందుకే ఆ కొంగు జారితే లోకం జారినట్టుంటుంది. దీనికి పిల్లవాణ్ణి గాని తల్లిని గాని తప్పుపట్టి ప్రయోజనం లేదు.

నా అభ్యంతరం వీడ్కోలు పేరుతో జరిగే తతంగం మీద. నా మనవణ్ణి బడిలో దింపడానికి రెండేళ్ళు నేనే వెళ్ళేవాణ్ణి గనుక కళ్ళారా చూశాను. తల్లి "వెళ్ళొస్తా నాన్నా" అంటుంది, నాలుగడుగులు వేస్తుంది, మళ్ళీ వెనక్కి వచ్చి ముద్దు పెడుతుంది, కిటికీలోంచి తొంగి చూస్తుంది, కొంగుతో కళ్ళొత్తుకుంటుంది. పిల్లవాడు తల్లి మాటలు వినడు, ముఖం చదువుతాడు. అమ్మే భయపడుతోందంటే లోపల ఏదో భయపడవలసినది ఉందన్నమాటే కదా అనుకుంటాడు. ఇలా పావుగంట సాగే వీడ్కోలు కంటే మీ ఆయా పావురాలే నయమని నాకు చాలాసార్లు అనిపించింది. చెప్పి వెళ్ళండి, కాదనను. చెప్పాక మాత్రం వెళ్ళిపోండి.

మాన్పించే విషయంలో మీ వారి మాట తీసిపారేయదగ్గది కాదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకటే పునాది దశ అంటోంది, ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటోంది. ఇప్పుడు ఆరు నెలలు ఇంట్లో ఉంటే చదువులో వెనకబడతాడన్న భయం అక్కరలేదు. అయితే వాడు ఎక్కువగా ఏడుస్తున్న రోజుల్లో మాన్పించకండి. కాస్త కుదుటపడ్డాక, అప్పటికీ అవసరమనిపిస్తే మాన్పించండి.

జవాబు 3: గంపెడాశ

మా ఇంట్లో మావాడు వాళ్ళమ్మ దింపితే ఏడ్చేవాడు, నేను దింపితే ఏడ్చేవాడు కాదు. ఇంట్లో చంటిపిల్ల ఉన్నది గనుక, అమ్మ ఆ పిల్లతో ఇంట్లోనే ఉండగా తనొక్కణ్ణే బయటికి పంపిస్తున్నారన్న బాధ వాడికి ఉండేదేమో. మీ వారు పది రోజులు దింపి చూడవచ్చు. మాకు పనిచేసింది, అందరికీ పనిచేస్తుందని చెప్పలేను.

జవాబు 4: చదువరి

డిగ్రీ కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. నాకూ నాలుగేళ్ళ కూతురుంది గనుక ఈ ప్రశ్న తరగతి గదిలోదీ ఇంట్లోదీ కూడా.

మాస్టారూ, మీరన్న "ఏ చేయి అందితే ఆ చేయి" అన్న మాట మీద ఒక చిన్న సవరణ. బిడ్డకూ పెంచేవారికీ మధ్య ముడిపడే బంధం గురించి బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ సిద్ధాంతం రూపొందిస్తున్న కాలంలోనే, ఆయనతో కలిసి పనిచేసిన మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ 1954, 55లలో ఉగాండాలోని పల్లెల్లో 26 కుటుంబాలను వారి ఇళ్ళలోనే నెలల తరబడి గమనించారు. అక్కడ కూడా పిల్లలు పదిమంది చేతుల్లో పెరిగేవారే. అయినా బెదిరినప్పుడు, ఒంట్లో బాగాలేనప్పుడు ఏ చేయి పడితే ఆ చేయి పట్టుకోలేదు. తమకంటూ ఎంచుకున్న ఒకరిద్దరి దగ్గరికే వెళ్ళారు. మీ పదకొండు మందిలో కూడా ప్రతి ఒక్కరికీ ఒక సొంత మనిషి ఉండి ఉంటారు, మీరు గుర్తు చేసుకుంటే తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబంలో ఉన్న సౌకర్యమల్లా, ఆ మనిషి లేనప్పుడు దాదాపు అంతటి మనిషి ఇంకొకరు పక్కనే ఉండటం. మన ప్రశ్నలోని పిల్లవాడికి బడిలో అలాంటి మనిషి ఇంకా ఏర్పడలేదు. ఏర్పడవలసిన ఆయాయేమో పావురాలను చూపించి నమ్మకం పోగొట్టుకుంది. పాపం, ఆమె తప్పేమీ లేదు, ఆమెకు అలాగే నేర్పారు.

ఐన్స్‌వర్త్ తరువాత అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల మీద చేసిన పరిశీలన ఇంకా ప్రసిద్ధం. తల్లి కొద్ది నిమిషాలు గదిలోంచి బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. ఆ పరిశీలనలో ఎక్కువగా లెక్కలోకి తీసుకున్నది తల్లి వెళ్ళినప్పుడు బిడ్డ ఏడ్చిందా లేదా అన్నది కాదు, తల్లి తిరిగి వచ్చినప్పుడు ఆ బిడ్డ ఏం చేసిందన్నది. తల్లి దగ్గరికి వచ్చి, కాసేపు హత్తుకొని, ఊరట పొంది మళ్ళీ ఆటలో పడితే ఆ బంధం మీద బిడ్డకు భరోసా ఉన్నట్టు. కాబట్టి కాకినాడ అమ్మ గారూ, మీరు తొమ్మిదిన్నర గురించి ఎంత ఆలోచిస్తున్నారో పన్నెండున్నర గురించి కూడా అంత ఆలోచించండి. మిమ్మల్ని చూడగానే పరుగెత్తుకొస్తున్నాడా, ముఖం తిప్పుకుంటున్నాడా, వచ్చి కొడుతున్నాడా, కొట్టినా కాసేపటికి ఒళ్ళో కుదురుకుంటున్నాడా? మీరు రాసిన తలుపు సందులో వేళ్ళ సంగతి నాకు చెడ్డ సూచనగా అనిపించలేదు. మిమ్మల్ని వెతుక్కుంటున్నాడంటే మీరు దొరుకుతారన్న ఆశ వాడికి ఉన్నదన్నమాటే.

"నాలుగు రోజులు ఏడిస్తే అలవాటు పడతాడు" అన్నదాని గురించి ఒక పాత ఉదంతం చెప్పాలి. 1950ల మొదట్లో బ్రిటన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, చిన్న శస్త్రచికిత్స కోసం ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్న రెండున్నరేళ్ళ లోపు పాపను రోజూ చిత్రీకరించారు. ఆ రోజుల్లో పసిపిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను స్వేచ్ఛగా రానిచ్చేవారు కాదు. వాళ్ళు వచ్చి వెళ్తే పిల్లలు ఏడుస్తారనీ, రాకపోతే నెమ్మదిగా ఉంటారనీ వాదన. ఆ పాప పెద్దగా ఏడవలేదు. ఏడవకుండా ముఖం బిగబట్టుకొని ఉండటం, మధ్యమధ్య ఉన్నట్టుండి "అమ్మ ఏది" అనడం, చివరికి తల్లి వచ్చినప్పుడు దూరంగా ఉండిపోవడం ఆ చిత్రంలో కనిపిస్తాయి. నెమ్మదిగా ఉన్న బిడ్డ సర్దుకున్న బిడ్డ కాకపోవచ్చునని ఒప్పుకోవడానికి అక్కడి వైద్యులకు చాలా కాలం పట్టింది. 1959లో అక్కడి ప్రభుత్వం వేసిన ప్లాట్ కమిటీ తల్లిదండ్రులను ఆసుపత్రుల్లోకి నిరాటంకంగా రానివ్వాలని సిఫారసు చేసింది. ఎనిమిది రోజుల ఆసుపత్రినీ మూడు గంటల ప్లేస్కూలునూ ఒకే గాటన కట్టడం లేదు. "ఏడుపు ఆగింది గనుక సెట్ అయిపోయాడు" అన్న మీ బడివాళ్ళ తర్కం మాత్రం ఆ వార్డు తర్కమే.

ఇక ఏం చేయాలన్నదానికి వస్తాను. మన పెద్దవాళ్ళు పసిపిల్లలతో ఆడే దోబూచులాట ఉన్నదే, అది వెళ్ళడాన్నీ తిరిగి రావడాన్నీ సాధన చేయించే ఆట. కొంగు చాటున ముఖం మాయమవుతుంది, నవ్వుతూ తిరిగి వస్తుంది. మనోవిశ్లేషణ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1920లో రాసిన ఒక పుస్తకంలో, ఏడాదిన్నర వయసున్న తన మనవడు దారం కట్టిన చెక్క కండెను మంచం చాటుకు విసిరి మళ్ళీ లాక్కోవడం గమనించి, తల్లి వెళ్ళి రావడాన్ని వాడు తన చేతుల్లోకి తీసుకుంటున్నాడని వ్యాఖ్యానించారు. మీవాడి వయసుకు దాగుడుమూతలు సరిపోతాయి. వాడే దాక్కోవాలి, మీరు వెతకాలి. వాడే "బడికి వెళ్ళే అమ్మ" కావాలి, మీరు ఏడ్చే పిల్లవాడు కావాలి. మా అమ్మాయి ఈ ఆటలో నాకు ఎంత కఠినంగా "ఏడవకు, నాకు ఆఫీసుంది" అని చెప్పిందో వింటే నేను రోజూ ఎలా మాట్లాడుతున్నానో తెలిసివచ్చింది.

రెండోది, మాటలు ఇవ్వడం. ఈ విషయంలో తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. ఇంటి మీదా, అమ్మ మీదా కలిగేది బెంగ. చేతకానితనంలోంచి పుట్టే కోపం ఉక్రోషం. తనను పట్టించుకోవాలని చేసేది అలక. కొత్తవాళ్ళ ముందు కలిగేది బెరుకు. పల్లెల్లో పిల్లవాడికి జ్వరం వస్తే "బెంగపెట్టుకున్నాడు" అనేవారు; ఆ ఒక్క మాటతో పిల్లవాడి ఏడుపు అల్లరి కాకుండా ఒక కారణం ఉన్న బాధగా మారిపోయేది. మనం ఇవన్నీ వదిలేసి పిల్లలకు "శాడ్", "యాంగ్రీ" అని రెండు ముఖాల బొమ్మలు చూపిస్తున్నాం. "అమ్మ మీద బెంగగా ఉందా? అన్నం తిన్నాక అమ్మ వస్తుంది" అని టీచరు అనగలిగితే, తన లోపల జరుగుతున్నదానికి ఒక పేరుందనీ, అది పెద్దవాళ్ళకు తెలుసుననీ వాడికి అర్థమవుతుంది. తన ఉద్వేగాన్ని తానే అదుపు చేసుకోవడం మూడేళ్ళ పిల్లవాడికి సొంతంగా చేతకాదు. పక్కనున్న పెద్దవారి నెమ్మది నుంచి అరువు తెచ్చుకుంటాడు. మాస్టారు చెప్పిన ముఖం చదవడం కూడా ఇదే.

జవాబు 5: పిల్లల_వైద్యుడు

విశాఖలో పిల్లల వైద్యుణ్ణి. పై జవాబులు చాలావరకు చెప్పేశాయి గనుక కొరకడం గురించీ, ఎప్పుడు వైద్యుడికి చూపించాలన్నదాని గురించీ మాత్రమే రాస్తాను.

ఏడాది నుంచి మూడేళ్ళ వరకు పిల్లలు కొరకడం చాలా సాధారణం. మూడు దాటాక తగ్గుతూ రావాలి. మీవాడు కారు లాక్కోబోతే కొరికాడు, పైగా కొత్త బడి, కొత్త చెల్లెలు రెండూ ఒకే ఏడాదిలో వచ్చాయి. దీన్ని పగగానో దుర్గుణంగానో చూడనక్కరలేదు. చదువరి గారి మాటల్లో ఉక్రోషం అనవచ్చు. అలా జరిగినప్పుడు ముందుగా దెబ్బ తిన్న పిల్లవాణ్ణి చూడాలి. కొరికినవాడి చుట్టూ జనం చేరకూడదు. తరువాత వాడి కళ్ళ ఎత్తుకు వంగి, "కొరకకూడదు, నొప్పి పుడుతుంది. కారు కావాలంటే నాది అని చెప్పు" అని ఒకటి రెండు మాటల్లో చెప్పాలి. "నిన్ను అలా కొరికితే నీకెలా ఉంటుంది" అన్న ప్రశ్నకు ఈ వయసులో పెద్దగా ఫలితం ఉండదు. ఎదుటివారి తలలో తన తలలో ఉన్నది కాక వేరొకటి ఉండగలదన్న అవగాహన సుమారు నాలుగేళ్ళకు గాని స్థిరపడదని 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు మొదలుపెట్టిన ప్రయోగాలు చూపించాయి. నొప్పి తెలియడానికని తిరిగి కొరికి చూపించే పెద్దలు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటారు. దానివల్ల పిల్లవాడికి తెలిసేది, పెద్దవాళ్ళు కూడా కొరుకుతారన్నది ఒక్కటే. ఏ వేళకు, ఎవరితో, ఏ వస్తువు దగ్గర కొరుకుతున్నాడో టీచరును వారం రోజులు రాసి పెట్టమనండి. చాలాసార్లు అది ఆకలి వేళో నిద్ర వేళో అయి ఉంటుంది. రాత్రి మెలకువలు వస్తున్నాయని రాశారు. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీవాడి నిద్ర ఒకసారి లెక్క వేయండి.

తల్లిని వదలలేని బెంగ ఎనిమిది నెలల ప్రాంతంలో మొదలై, పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య బాగా ఎక్కువగా ఉండి, మూడేళ్ళకు సాధారణంగా తగ్గుతుంది. కొత్త బడి, కొత్త బిడ్డ, జబ్బు వంటివి వచ్చినప్పుడు మళ్ళీ తల ఎత్తడం మామూలే. పక్క తడపడం, పాలసీసా అడగడం వంటివి కూడా ఈ రోజుల్లో తిరిగి రావచ్చు, ఎగతాళి చేయకండి. నాలుగు వారాలు దాటినా బెంగ తగ్గకుండా, తిండీ నిద్రా ఆటా చెడిపోతుంటే చూపించడం మంచిది. బెంగతో సంబంధం లేకుండా మరికొన్ని గమనించాలి. పిలిస్తే పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, ఆసక్తిగా ఉన్నదాన్ని వేలితో చూపించకపోవడం, వంటాట వంటి ఊహాజనితమైన ఆటలు అసలు ఆడకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే నాలుగు వారాలు కూడా ఆగవద్దు. మీరు రాసినదాన్నిబట్టి మీవాడిలో ఇవేవీ లేవనే అనుకుంటున్నాను. చదివే ఇతర తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలోనూ ప్రభుత్వ బడులలోనూ పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. అక్కడ సేవలు ఉచితం.

ప్రశ్న అడిగినవారి మాట: కాకినాడ_అమ్మ (మూడు వారాల తరువాత)

అందరికీ కృతజ్ఞతలు. టీచర్ గారూ, మీరు చెప్పినట్టు లోపల కూర్చుంటానని అడిగితే మొదట బడివాళ్ళు ఒప్పుకోలేదు. మిగతా పిల్లలు కూడా అమ్మలను అడుగుతారన్నారు. చివరికి రెండు రోజులు వరండాలో ఇరవై నిమిషాలు కూర్చోనిచ్చారు. మూడో రోజు వాడికి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చొని, "బిస్కెట్ తిని, ఇసుకలో ఆడి, బూట్లు వేసుకున్నాక అమ్మ వస్తుంది" అని చెప్పి లేచాను. ఈ మూడు వారాల్లో ఎన్నడూ లేనంతగా ఏడ్చాడు. పాతపంతులు మాస్టారి మాట గుర్తుపెట్టుకొని వెనక్కి తిరగలేదు గానీ, మలుపు దగ్గర కొట్టు అరుగు మీద కాసేపు కూర్చుండిపోయాను. అలా నాలుగు రోజులు ఏడ్చాడు. మా అత్తగారు "చెప్పకుండా వచ్చినప్పుడే నయం" అన్నారు, ఆ నాలుగు రోజులూ నాకూ అలాగే అనిపించింది.

ఐదో రోజు నుంచి ఏడుపు రెండు మూడు నిమిషాలకు వచ్చింది. ఇప్పుడు ఆయాను బూట్ల గురించి పదేపదే అడుగుతాడట. బూట్లు వేయడమంటే అమ్మ రావడమని లెక్క గనుక, పదకొండింటికే బూట్లు తెచ్చి ఆమె ముందు పెడుతున్నాడట. ఆమె విసుక్కోకుండా "ఇసుక ఆట కాలేదుగా" అని గుర్తు చేస్తోంది. చదువరి గారూ, పన్నెండున్నరకు నన్ను చూడగానే మొదట వచ్చి నడుం మీద ఒక్కటి కొడతాడు, తరువాత ఎత్తుకోమంటాడు. మీరు అడిగినప్పటి నుంచీ గమనిస్తున్నాను, ఇంటికి చేరేలోపే కుదుటపడుతున్నాడు. రాత్రి లేవడం ఒకసారికి తగ్గింది. కొరకడం మాత్రం మళ్ళీ రెండుసార్లు జరిగింది. రెండూ పన్నెండు గంటల ప్రాంతంలోనే గనుక ఆ వేళకు ఏదైనా తినిపించగలరా అని బడిలో అడిగాను, ఇంకా జవాబు రాలేదు. పది రోజులు మా వారు దింపాలన్న సలహా మాత్రం వారి షిఫ్టు వల్ల కుదరలేదు.

నిన్న సాయంత్రం చెల్లెలు ఉయ్యాలలో ఉండగా వీడు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వస్తూ, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగి, "నీళ్ళు తాగి, గ్లాసు పెట్టాక అన్నయ్య వస్తాడు" అని దానికి చెప్పి వచ్చాడు. నీళ్ళు తాగాడు, గ్లాసు గట్టు మీద పెట్టాడు, పరుగెత్తాడు.